వినలేని పిల్లల మాస్టారు గ్రాహంబెల్

టెలిఫోన్‌ను కనిపెట్టిందెవరని అడిగితే మన సండేస్కూలు పిల్లలు కూడా ఠక్కున గ్రాహంబెల్ పేరు చెబుతారు. బడి పుస్తకాల్లో ఆయన గురించి మనం చదువుకున్నదీ అంతే! కానీ అలెగ్జాండర్ గ్రాహంబెల్ మాత్రం జీవితాంతం తనను తాను వినలేని పిల్లల ఉపాధ్యాయుడిగానే చెప్పుకున్నాడు. ప్రపంచాన్ని మార్చేసిన టెలిఫోన్ ఆయన జీవితంలో ఒక మజిలీ మాత్రమే. ఆయన ప్రయాణమంతా చెవులు మూసుకుపోయిన పిల్లల గుమ్మాల వైపే సాగింది.

బెల్ మనం సంఘాల్లో చెప్పుకునే భక్తుల కోవలోకి వచ్చే మనిషి కాదు. చర్చి సభ్యత్వాల విషయంలో ఆయన దూరంగానే ఉండిపోయాడు. అయినా ఈ వారం ఆయన జీవితాన్ని తలచుకోవాలనుకోవడానికి కారణముంది. నిజాంపట్నం, రేపల్లె ప్రాంతాల్లోని సంఘాలకు మేము వెళ్తున్నప్పుడు పాట మొదలైనా తల ఎత్తని పిల్లలు, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని పిల్లలు అక్కడక్కడా కనిపిస్తూనే ఉన్నారు. మాటలు ఆలస్యమని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. మొండివాడని బడిలో అంటారు. పాపం అని సంఘం అంటుంది. ఆ పిల్లవాడికి అసలు వినపడుతోందా లేదా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తన బతుకునంతా తిప్పుకున్న మనిషి బెల్. ఆయన సాధించినదీ మనకు పాఠమే, ఆయన పొరబడిన చోటూ మనకు పాఠమే!

అమ్మ నుదుటి దగ్గర

బెల్ 1847 మార్చి 3న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తాతగారు స్పష్టంగా మాట్లాడటం నేర్పే గురువు, నత్తి ఉన్నవారికి మాట సరిదిద్దేవాడు. తండ్రి మెల్విల్ బెల్‌ది కూడా అదే వృత్తి. మాటే జీవనాధారమైన ఆ ఇంట్లో తల్లి ఎలీజాకు మాత్రం వినికిడి చాలావరకు పోయింది. అయినా ఆమె పియానో వాయించేది. చెవికి పెట్టుకునే గొట్టం ఒక కొసను పియానో చెక్కకు ఆనించి, ఆ అదురునే సంగీతంగా అనుభవించేది.

ఆమెతో మాట్లాడాలంటే అందరూ ఆ గొట్టంలోకి గట్టిగా అరిచేవారు. చిన్నవాడైన అలెక్ అలా అరవలేదు. తల్లి నుదుటికి దగ్గరగా నోరు పెట్టి, తగ్గు స్వరంతో, నిదానంగా మాట్లాడేవాడు. ఆ కంపనం నుదుటికి తగిలి ఆమెకు అర్థమయ్యేది. ఇంట్లో నలుగురూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే తల్లి పక్కన చేరి, వేళ్లతో అక్షరాలు చూపుతూ ఎవరేమంటున్నారో ఆమెకు చేరవేసేవాడు. వినలేని మనిషి మనలాగా మారేదాకా ఆగనక్కరలేదు, ఆమె ఉన్నచోటికి మనమే వెళ్లవచ్చునన్న పాఠం ఆ పిల్లవాడికి పుస్తకాల్లో దొరకలేదు, అమ్మ దగ్గర దొరికింది.

తండ్రి ప్రోత్సాహంతో అన్నదమ్ములు ఒకసారి మాట్లాడే బొమ్మ తల ఒకటి తయారుచేశారు. దానికి గొంతు గొట్టం, మెత్తటి నాలుక, పెదవులు అమర్చి గాలి ఊదితే, పసిబిడ్డ తల్లిని పిలిచినట్టు శబ్దం వచ్చేది. అది అల్లరి ఆటే అయినా, మాట అనేది ఆకాశం నుంచి ఊడిపడే మాయ కాదని, గొంతు, నాలుక, పెదవులు కలిసి చేసే పని అని వాళ్లకు తెలిసింది. పని అయినప్పుడు దాన్ని నేర్పవచ్చు కూడా!

క నుంచి ప దాకా

మన తెలుగువారికి ఈ సంగతి కొత్తది కాదు. మన వర్ణమాల పేర్చిన తీరు చూడండి. క వర్గం గొంతు దగ్గర పుడుతుంది. చ వర్గం అంగిలి దగ్గర, ట వర్గం నాలుక మడిచినచోట, త వర్గం పళ్ల దగ్గర, ప వర్గం పెదవుల మీద పుడతాయి. గొంతు నుంచి పెదవుల దాకా ఒక మెట్ల వరుస అది. మెల్విల్ బెల్ సరిగ్గా ఇలాంటి ఆలోచనతోనే, ఏ శబ్దానికి నాలుక ఎక్కడుండాలో, పెదవులు ఎలా ఉండాలో చూపే గుర్తుల లిపిని తయారుచేసి 1867లో ప్రచురించాడు. కంటికి కనిపించే మాట అని దానికి పేరు. చెవితో వినలేని బిడ్డకు కంటితో చూపి మాట నేర్పవచ్చునన్నది ఆశ.

ఆ ఆశను చేతిలో పట్టుకుని 1868లో లండన్‌లో వినలేని పిల్లల చిన్న బడి ఒకదానిలో యువకుడైన బెల్ పాఠాలు మొదలుపెట్టాడు. ఇంతలో ఆ ఇంటి మీద పిడుగులు పడ్డాయి. 1867లో తమ్ముడు, 1870లో అన్న క్షయవ్యాధితో చనిపోయారు. మిగిలిన ఒక్క కొడుకునైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు 1870లో ఇల్లూవాకిలీ అమ్ముకుని ఓడెక్కి కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్ చేరారు. మంచి గాలికి కుర్రవాడి ఆరోగ్యం కుదుటపడింది. మరుసటి ఏడాది, 1871 ఏప్రిల్‌లో, అమెరికాలోని బోస్టన్ నగరంలో సారా ఫుల్లర్ అనే ఉపాధ్యాయురాలు నడుపుతున్న వినలేని పిల్లల బడిలో ఆయన పనికి కుదిరాడు. 1872లో సొంతంగా ఒక శిక్షణాలయం తెరిచాడు. వినలేని పిల్లలతోపాటు నత్తితో బాధపడేవారూ అక్కడికి వచ్చేవారు. ఇవాళ మనం స్పీచ్ థెరపీ అంటున్న పనికి ఆనాటి రూపం అది.

అది ఎంత ఓపిక కావలసిన పనో ఒక్కసారి ఊహించండి. పడి, బడి, మడి అనే మూడు మాటలను అద్దం ముందు నిలబడి శబ్దం లేకుండా పలికి చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి! పెదవులు చూసి మాట పట్టుకోవాల్సిన బిడ్డకు ఆ మూడింటికీ తేడా ఎలా తెలుస్తుంది? క, గ అయితే లోపల గొంతులోనే పుట్టి పోతాయి, కంటికి ఆననే ఆనవు. అందుకే గురువు తన గొంతు మీద బిడ్డ చెయ్యి పెట్టించాలి, బిడ్డ గొంతు మీద బిడ్డ చెయ్యే పెట్టించాలి. ముక్కు పక్కన వేలు ఆనించి మ పలికినప్పటి అదురు తెలియజేయాలి. ఒక్క అక్షరం కోసం రోజులు పడతాయి. వందసార్లు చెప్పినా రానిది నూటొకటోసారి వస్తుందన్న నమ్మకం ఉన్నవాడే ఆ పని చేయగలడు.

ఒక చిన్నవాడి చేతి తొడుగు

బెల్ దగ్గరకు వచ్చిన పిల్లల్లో జార్జి శాండర్స్ ఒకడు. పుట్టుకతోనే వినపడదు, వయసు ఐదేళ్లు. తండ్రి థామస్ శాండర్స్ తోలు వ్యాపారి. బెల్ ఆ పిల్లవాడి కోసం ఒక చేతి తొడుగు తయారుచేశాడు. వేళ్ల మీద, అరచేతి మీద అక్షరాలు రాసిన తొడుగు అది. ఆ అక్షరాలను తాకుతూ గురువూ శిష్యుడూ మాట్లాడుకునేవారు. 1873 నుంచి సేలం ఊళ్లో ఆ పిల్లవాడి నాయనమ్మ ఇంట్లోనే బెల్ బసచేశాడు. పగలంతా పాఠాలు, రాత్రయితే అదే ఇంట్లో తీగలతో, అయస్కాంతాలతో ప్రయోగాలు. ఆ ప్రయోగాలకు డబ్బు పెట్టింది ఎవరో తెలుసా? జార్జి తండ్రి థామస్ శాండర్స్ ఒకరు, మరో శిష్యురాలు మేబెల్ తండ్రి గార్డినర్ హబ్బర్డ్ ఒకరు. వినలేని ఇద్దరు బిడ్డల తండ్రుల సొమ్ముతో టెలిఫోన్ తయారైంది!

టెలిఫోన్ ఆలోచన పుట్టిందీ పిల్లల పాఠం కోసమే. తాము పలికిన శబ్దం సరిగా ఉందో లేదో వినలేని పిల్లలు కంటితో చూసుకోగలిగితే బాగుంటుందని బెల్ తలచాడు. 1874 వేసవిలో, క్లారెన్స్ బ్లేక్ అనే చెవి వైద్యుడి సాయంతో, చనిపోయిన ఒక మనిషి చెవిని సంపాదించాడు. లోపలి చిన్న ఎముకకు గడ్డిపరక అతికించి, చెవిలోకి మాట్లాడితే ఆ పరక కదిలి పొగచూరిన గాజు పలక మీద గీతలు గీసేది. కాగితమంత పలచని కర్ణభేరి అంత బరువైన ఎముకలను కదిపినప్పుడు, పలచని పొర ఒకటి ఇనుప ముక్కను ఎందుకు కదపకూడదన్న ఆలోచన ఆయనకు అక్కడే తట్టింది. 1876 మార్చి 7న ఆయనకు పేటెంటు వచ్చింది. మూడు రోజుల తరువాత, మార్చి 10న, తీగ మీద మొదటిసారి మనిషి మాట స్పష్టంగా వినపడింది.

మేబెల్ కథ కూడా చెప్పుకోవాలి. ఐదేళ్ల వయసులో స్కార్లెట్ జ్వరం వచ్చి ఆమె వినికిడి పూర్తిగా పోయింది. వినికిడి పోతే మాట కూడా మెల్లగా పోతుందని చుట్టూ ఉన్నవారు చెప్పినా తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. రోజూ బిడ్డతో మాట్లాడుతూనే ఉన్నారు, చదివిస్తూనే ఉన్నారు. తమ బిడ్డతో ఆగకుండా ఇతరుల పిల్లల కోసం కూడా హబ్బర్డ్ పూనుకున్నందువల్ల 1867లో క్లార్క్ పాఠశాల ఏర్పడింది. 1877 జూలై 11న బెల్, మేబెల్‌ల వివాహం జరిగింది. టెలిఫోన్ కంపెనీలో తనకున్న వాటాల్లో పది మాత్రం ఉంచుకుని మిగతావన్నీ ఆమెకు పెళ్లి కానుకగా ఇచ్చేశాడు. ఒక్క విషయం మనసును కలచివేస్తుంది. ప్రపంచమంతా చెవికి ఆనించుకున్న ఆ యంత్రంలో ఆయన ఇల్లాలు ఒక్క మాట కూడా వినలేకపోయింది!

పేరు వచ్చింది, డబ్బు వచ్చింది. అయినా బెల్ తన పిల్లలను మరచిపోలేదు. 1879లో వినికిడిని కొలిచే ఆడియోమీటరును రూపొందించాడు. శబ్ద తీవ్రతను కొలిచే డెసిబెల్ అనే మాటలో నేటికీ ఆయన పేరే ఉంది. 1880లో ఫ్రాన్స్ ప్రభుత్వం వోల్టా బహుమతిగా 50,000 ఫ్రాంకులు ఇస్తే పరిశోధనశాల పెట్టాడు. అక్కడి పని మీద వచ్చిన రాబడితో 1887లో బధిరులకు సంబంధించిన విజ్ఞానాన్ని సేకరించి పంచే సంస్థను స్థాపించాడు. 1886లో అలబామా నుంచి ఒక తండ్రి, చూపూ వినికిడీ రెండూ లేని తన ఆరేళ్ల కూతురిని వెంటబెట్టుకుని ఆయన దగ్గరకు వచ్చాడు. బెల్ ఆ బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని, బోస్టన్‌లోని పెర్కిన్స్ సంస్థకు రాయమని దారి చూపాడు. అక్కడి నుంచి యాన్ సలివన్ అనే గురువు 1887 మార్చి 3న ఆ ఇంటికి చేరింది. ఆ బిడ్డే హెలెన్ కెల్లర్! 1903లో వెలువడిన తన ఆత్మకథను హెలెన్ ఆయనకే అంకితమిచ్చింది.

ఆయన పొరబడిన చోటు

ఇంత ప్రేమించిన మనిషి జీవితంలో ఒక నీడ కూడా ఉంది. దాన్ని దాచి ఆయన కథ చెప్పడం న్యాయం కాదు. వినలేని పిల్లలు నోటితో మాట్లాడటం నేర్చుకుని తీరాలని, బడుల్లో చేతుల భాష ఉండకూడదని బెల్ గట్టిగా నమ్మాడు. వినలేని ఉపాధ్యాయులు వినలేని పిల్లలకు చదువు చెప్పడం కూడా ఆయనకు సమ్మతం కాదు. 1883లో ఒక విజ్ఞాన సభ ముందు, బధిరులు బధిరులనే పెళ్లాడుతూ పోతే బధిర జాతి ఒకటి ఏర్పడుతుందేమోనన్న భయాన్ని వ్యక్తం చేశాడు. చట్టంతో అలాంటి పెళ్లిళ్లను ఆపమనలేదు గానీ, వాళ్లను ఒకచోట చేరనీయకుండా చేస్తే మంచిదన్నాడు. ఆ మాటలు బధిరుల గుండెల్లో ముల్లులా దిగాయి. నేటికీ చాలామంది బధిరులు ఆయన పేరును బాధతోనే తలుచుకుంటారు. వినికిడి లోపంతో పుట్టే పిల్లల్లో పదింట తొమ్మిది మందికి పైగా తల్లిదండ్రులు చక్కగా వినగలిగినవారేనని నేటి విజ్ఞానం చెబుతోంది.

అంతకు మూడేళ్ల ముందే, 1880లో, ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల విద్య మీద ఒక అంతర్జాతీయ మహాసభ జరిగింది. బడుల్లో చేతుల భాష వద్దు, నోటి మాటే ముద్దు అని అది తీర్మానించింది. ఆ సభకు వచ్చిన 164 మంది ప్రతినిధుల్లో వినలేనివాడు ఒక్కడే! ఎవరి బతుకు గురించి తీర్మానం చేస్తున్నారో వాళ్లను అడగనేలేదన్నమాట. తరువాత దశాబ్దాలపాటు దేశదేశాల బడుల్లో పిల్లలు సైగ చేస్తే చేతుల మీద కొట్టారు, చేతులు కట్టేశారు. నోటి మాట రాక, చేతి మాట లేక, ఏ భాషా లేకుండా పెరిగిన పిల్లలు ఎందరో! 130 ఏళ్ల తరువాత, 2010లో, కెనడాలోని వాంకూవర్‌లో కూడిన అదే మహాసభ ఆ తీర్మానానికి విచారం వెలిబుచ్చింది.

1922 ఆగస్టు 2న, కెనడాలోని నోవాస్కోషియాలో ఉన్న తన ఇంట్లో బెల్ కన్నుమూశాడు. చివరి ఘడియల్లో మేబెల్ ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని తనను విడిచి వెళ్లవద్దని వేడుకుంది. మాట రాని స్థితిలో ఉన్న ఆయన, వెళ్లనన్నట్టుగా ఆమె చేతిలో వేళ్లతోనే సైగ చేసి తుదిశ్వాస విడిచాడని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. రెండు రోజుల తరువాత అంత్యక్రియల సమయంలో ఉత్తర అమెరికా అంతటా టెలిఫోన్లు ఒక నిమిషం మూగబోయాయి.

మనం ఆలోచించాల్సింది ఇక్కడే! చిన్ననాడు తల్లికి వేళ్లతో మాట చేరవేసిన ఆ చేయి, చివరి క్షణంలో భార్యకు కూడా వేళ్లతోనే మాట చెప్పింది. నోటి మాట కోసం జీవితమంతా వాదించిన మనిషి ఆఖరి మాట చేతితోనే పలికాడు. సిద్ధాంతం ఏదైనా కానివ్వండి, ప్రేమ మాత్రం తనకు దొరికిన దారిలోనే అవతలి మనిషిని చేరుతుంది. బిడ్డకు చెవి ద్వారా దారి దొరికితే చెవి, కంటి ద్వారా దొరికితే కన్ను, చేతి ద్వారా దొరికితే చెయ్యి. ఏ దారీ లేకుండా ఆ బిడ్డను వదిలేయడం ఒక్కటే పాపం!

జనంలోనుంచి పక్కకు తీసుకువెళ్లి

మార్కు సువార్త ఏడో అధ్యాయంలో చెవుడు, నత్తి ఉన్న ఒక మనిషిని యేసుప్రభువు దగ్గరకు తీసుకొచ్చిన సందర్భం మనందరికీ తెలుసు. ఆయన ఒక్క మాటతో బాగుచేయగలడు. కానీ ఏంచేశాడు? ముందుగా ఆ మనిషిని జనసమూహంలోనుంచి పక్కకు తీసుకువెళ్లాడు. అతని చెవుల్లో తన వేళ్లుంచాడు, నాలుకను తాకాడు, ఆకాశంవైపు కన్నులెత్తి నిట్టూర్చాడు. మాట వినలేని మనిషికి ఏం జరగబోతోందో చేతితో, చూపుతో, స్పర్శతో తెలియజేశాడు. అద్భుతం జరగకముందే అతనికి అర్థమయ్యే భాషలో అతనితో మాట్లాడాడు. మనం అద్భుతాన్ని మాత్రమే ప్రకటిస్తూ, అంతకు ముందు ఆయన చూపిన ఓపికను వదిలేస్తుంటాం.

వినుటవలన విశ్వాసం కలుగుతుందన్న పౌలు బోధను పట్టుకుని, వినలేనివారికి విశ్వాసంలో పాలు లేదన్నట్టు కొన్ని కాలాల్లో కొందరు అర్థం చెప్పారు. అది సరైన వ్యాఖ్యానం కాదు. హెబ్రీ భాషలో వినడమనే మాటకు మనసుపెట్టి లోబడటమన్న అర్థం ఉంది. అలా వినడానికి చెవులే అక్కరలేదు. జెకర్యా మూగవాడైనప్పుడు బంధువులు సైగలతో అడిగితే ఆయన పలక మీద రాసి జవాబిచ్చాడు. ఆ పలక మీది మాట ఆయన నోటి మాటకంటే తక్కువదా? నాలుక మాంద్యం గలవాడినని మోషే వెనకాడితే, దేవుడు తన పనిని మరొకరికి ఇచ్చేయలేదు, అహరోనును తోడుగా పంపాడు. సంఘం చేయవలసిన పని కూడా అదే. తోడు నిలబడటం!

మన రేవులో, మన ఇళ్లలో

సముద్రం ఒడ్డున బతికే మన నిజాంపట్నం ప్రాంతంలో మాటలు రాని పిల్లవాడికి వస పోయమంటారు. ఎక్కువగా మాట్లాడేవారిని వసపిట్ట అనడం కూడా అందుకే. వస పోసినా, మొక్కులు మొక్కినా, మేనమామకు కూడా నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదని సర్దిచెప్పుకున్నా, వినపడని చెవి వినదు. మాటకు తల్లి వినికిడే! విన్నదే బిడ్డ పలుకుతాడు. పుట్టిన తొలి మూడేళ్లలో మెదడు భాషను ఎంత వేగంగా పట్టుకుంటుందో తరువాత అంత వేగంగా పట్టుకోలేదు. అందుకే ఇక్కడ పోయేది కాలం మాత్రమే కాదు, ఒక బిడ్డ భాష, చదువు, రేపటి బతుకు.

వైద్యులు చెప్పే లెక్క చాలా సులువు. నెల నిండేలోగా వినికిడి పరీక్ష, మూడు నెలల్లోగా నిర్ధారణ, ఆరు నెలల్లోగా చికిత్స మొదలు కావాలి. పసిబిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే పరీక్షకు నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడని పసిబిడ్డను, ఆరు నెలలు దాటినా శబ్దం వచ్చిన వైపు తల తిప్పని బిడ్డను, ఏడాదిన్నర అయినా అమ్మా, అత్తా అనని బిడ్డను, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకని బిడ్డను ఆలస్యం చేయకుండా చెవి వైద్యుడికి చూపించాలి. మరో సంగతి గుర్తుంచుకోవాలి. వినపడని బిడ్డ కూడా తొలి నెలల్లో ఉంగా ఉంగా అంటూ ఊసులు చెబుతాడు. అది చూసి అంతా బాగుందని మోసపోకూడదు.

ప్రపంచంలో 3 కోట్ల 40 లక్షల మంది పిల్లలు చికిత్స అవసరమైనంత వినికిడి లోపంతో ఉన్నారని, పిల్లల్లో వచ్చే ఈ లోపాల్లో నూటికి 60 వంతులు నివారించదగినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణికి రుబెల్లా సోకడం, బిడ్డకు తట్టు, గవదలు, మెదడువాపు జ్వరం రావడం, పుట్టినప్పుడు ముదిరిన పసిరికలు, చీము కారే చెవిని పట్టించుకోకపోవడం, ఇవన్నీ వినికిడిని దెబ్బతీసేవే. తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి ఇచ్చే టీకా 2017 నుంచి మన రాష్ట్రంలోనూ ఉచితంగా అందుతోంది. చెవిపోటు వస్తే కాగిన నూనె పోయడం, పిన్నీసులతో గెలకడం మానుకోవాలి. మన ఇళ్లలో తరతరాలుగా సాగుతున్న మేనరికాలు కూడా పుట్టుచెవుడుకు అవకాశం పెంచుతాయి. సంబంధం కుదిరేముందే పెద్దలు ఈ సంగతి ఆలోచించడం మంచిది.

లోపం ఉందని తేలితే కుంగిపోనక్కరలేదు. వినికిడి యంత్రం ఉంది. అది చాలని పిల్లలకు లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని ఆ ఖరీదైన ఆపరేషన్ పేదింటి పిల్లలకూ అందుబాటులోకి వచ్చింది. ఆ పథకమే ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. వయసు పరిమితి ఉంటుంది గనుక ముందే విచారించుకోవాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి లోపమున్న పిల్లల చదువుకు మన బాపట్లలోనే ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల ఉంది.

అయితే యంత్రం శబ్దాన్ని మాత్రమే ఇస్తుంది, దానికి అర్థం ఇచ్చేది శిక్షణ. ఆపరేషన్ అయిపోయింది కదా అని ఊరుకుంటే ఆ బిడ్డకు లోకమంతా అర్థంకాని హోరే! వారానికి ఒకటి రెండుసార్లు స్పీచ్ థెరపిస్టు చెప్పేది గంట పాఠమైతే, మిగతా పాఠమంతా అమ్మ వంటింట్లో, నాన్న వలలు బాగుచేసుకునే చోట, నాయనమ్మ ఒడిలో జరగాలి. బిడ్డ ముఖంలోకి చూస్తూ, వెలుతురు మన ముఖం మీద పడేలా కూర్చుని, ఇది పాలు, ఇది చేప, ఇది మన పడవ అని విసుగులేకుండా చెబుతూ ఉండాలి. యంత్రంతో ఆశించినంత ఫలితం రాని బిడ్డకు చేతుల భాష నేర్పడానికి సిగ్గుపడకూడదు. భారతీయ సంజ్ఞా భాషను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది. బెల్ కాలపు పొరపాటును మన ఇంట్లో మళ్లీ చేయనక్కరలేదు.

ఎదిగిన పిల్లల సంగతి వేరు. బోటు ఇంజను పక్కనే గంటలకొద్దీ పనిచేసే కుర్రవాళ్లు, రాత్రంతా ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని నిద్రపోయే కాలేజీ పిల్లలు, పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెల ముందు చిందులేసేవాళ్లు తమకు తెలియకుండానే వినికిడిని కోల్పోతున్నారు. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినకూడదని, పిల్లలైతే అంతకంటే తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. వినలేని పిల్లల మీది ప్రేమతో పుట్టిన ఫోనే ఇవాళ వినగలిగిన పిల్లల చెవులను పాడుచేస్తుంటే చూస్తూ ఊరుకుందామా? మన మందిరాల్లో పెట్టే స్పీకర్ పెట్టెల ముందు చిన్నపిల్లలను కూర్చోబెట్టడం మానేద్దాం. దేవుడికి వినపడటానికి అంత హోరు అక్కరలేదు!

ఇక నత్తితో సతమతమయ్యే కౌమార వయసు పిల్లలున్నారు. సాక్ష్యం చెప్పమంటే, వాక్యం చదవమంటే వెనక్కి తగ్గుతారు. వాళ్ల మాటను మనం పూర్తిచేయకుండా, తొందరపెట్టకుండా, నవ్వకుండా ఆగితే చాలు, సగం మేలు జరిగినట్టే. మిగతా సగం స్పీచ్ థెరపీ చూసుకుంటుంది.

ప్రతి సంఘమూ చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. బిడ్డను ప్రతిష్ఠించడానికి తల్లిదండ్రులు మందిరానికి తెచ్చినప్పుడు, వినికిడి పరీక్ష చేయించారా అని కాపరి అడగవచ్చు. సండేస్కూలు టీచర్లు ఒకరిద్దరు సంజ్ఞా భాషలో నాలుగు మాటలైనా నేర్చుకోవచ్చు. గుంటూరుకో సికింద్రాబాదుకో థెరపీకి వెళ్లే తల్లికి కానుకల పెట్టెలోంచి బస్సు ఖర్చు ఇవ్వవచ్చు. చెవిటిదని, మూగవాడని పిల్లలను పిలిచే అలవాటు మానుకుని, వాళ్ల తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలవవచ్చు.

బెల్ తల్లి నుదుటి దగ్గర నేర్చుకున్న పాఠానికి డబ్బు ఖర్చు లేదు, యంత్రం అక్కరలేదు. అరవడం మాని దగ్గరకు వెళ్లడమే ఆ పాఠం. వినలేని బిడ్డ ఇవాళ మన ఇంట్లో ఉండవచ్చు, పక్కింట్లో ఉండవచ్చు, మన మందిరంలో చివరి వరుసలో ఉండవచ్చు. ఆ బిడ్డ మన మాట వినే రోజు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ముందు మనమే ఆ బిడ్డను విందాం!